పాప కుర్చీకి అయిదు పరీక్షలు



ఈ నెల ఒక చిన్న ప్రశ్నతో మొదలు పెడదాం. ఇంట్లో అందరికంటే ఎత్తున కూర్చునేది ఎవరు?

తాతగారు అంటారేమో. కాదు. ఆయన పడక కుర్చీ నేలకు మూరెడు ఎత్తున కూడా ఉండదు. నాన్నగారా? ఆయనా కాదు. మాటలు రాని, నడక రాని, పడబోతే చేతులు అడ్డం పెట్టుకోవాలని కూడా తెలియని పాప ఉన్నదే, ఆమె! భోజనాల బల్ల దగ్గర పాప కోసం వేసే కుర్చీని గమనించండి. పెద్దల కుర్చీలో కూర్చునే పలక నేలకు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, పాప కుర్చీలో అది ఇంకా పైన ఉంటుంది. బల్ల ఎత్తు మారదు, పాప మొండెం పొట్టి. కాబట్టి పాపనే పైకి ఎత్తవలసి వచ్చింది. ఇంట్లో అందరికంటే తెలియనివారిని అందరికంటే ఎత్తున కూర్చోబెట్టాం. విచిత్రంగా లేదూ?

మన ఇళ్ళలో ఇదివరకు ఈ చిక్కు లేదు. అందరూ పీటల మీద కూర్చుని భోజనం చేసేవారు. ఆరో నెలలో అన్నప్రాశన అయిన పాప అమ్మ ఒడిలోనో, అమ్మమ్మ ముందు చాపమీదనో కూర్చుని గోరుముద్దలు తినేది. నేల మీద కూర్చున్నవారు నేల మీద పడరు గదా! ఇప్పటికీ చాలా ఇళ్ళలో అంతే, అందులో తక్కువతనం ఏమీ లేదు. కాని భోజనాల బల్ల వచ్చిన ఇంట్లో పాప కుర్చీ కూడా వస్తున్నది. దాన్ని దుకాణాల్లో హై చైర్ అంటారు.

ఈ కుర్చీ చాలాసార్లు కుర్చీగా రాదు. ఒక అట్టపెట్టెలో కాళ్ళు వేరుగా, పలక వేరుగా, బోల్టులు ఒక సంచిలో వస్తాయి. ఇంట్లోవారే బిగించుకోవాలి. ఇలా విడి భాగాలుగా అమ్మే పద్ధతికి ఒక కథ చెబుతారు. 1956 ప్రాంతంలో స్వీడన్‌లో ఐకియా అనే సామాన్ల సంస్థలో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే నమూనాకారుడు ఒక బల్లను కారులో పెట్టబోయాడు. అది పట్టలేదు. కాళ్ళు ఊడదీసి పక్కన పెట్టాడు, పట్టింది! ఆ తరువాత ఆ సంస్థ సామాన్లను పలచని పెట్టెలలో, విడి భాగాలుగా అమ్మడం పెద్ద ఎత్తున సాగించింది. ఆ సంస్థవారి దుకాణం మన దేశంలో మొట్టమొదట 2018లో హైదరాబాదులోనే తెరిచారు.

పెట్టె చిన్నదైతే లారీలో ఎక్కువ పడతాయి, ఖర్చు తగ్గుతుంది, ధరా తగ్గుతుంది. బాగానే ఉంది. కాని ఒక సంగతి గమనించారా? కుర్చీ తయారీలో ఆఖరి పని కర్మాగారంలోని నేర్పరి చేతినుంచి మన ఇంటి వసారాలోకి వచ్చింది. ఆ పని చేసేది వడ్రంగి కాదు, మీ నాన్నగారో, అక్కయ్యో. సాయంత్రం ఆఫీసునుంచి అలసివచ్చి, దీపం వెలుగులో, పక్కన పాప ఏడుస్తుంటే బిగిస్తారు.

అందుచేత ఇటువంటి కుర్చీని తయారుచేసేవారు ఒకేసారి రెండు పనులు సాధించాలి. కుర్చీ బిగించడం సులువుగా ఉండాలి, పాపకు అపాయమూ ఉండకూడదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? అదే ఈ నెల మన పాఠం.

చాలా ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి గనుక, నేను ఈ కుర్చీకి కూడా పరీక్షలు పెడతాను. అయిదు పరీక్షలు. బడిలో 35 మార్కులు వస్తే పాసు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. నూటికి 99 వచ్చినా కుర్చీ తప్పినట్లే!

మొదటి పరీక్ష: నిలబడడం

ముందు ఒక ప్రయోగం. ఖాళీ అగ్గిపెట్టె తీసుకోండి. బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో పక్కనుంచి తొయ్యండి. జరుగుతుందే గాని దొర్లదు. ఇప్పుడు దాన్ని నిలువుగా నిలబెట్టి, పై అంచు దగ్గర తొయ్యండి. టపీమని పడిపోతుంది.

ఇప్పుడు రెండు రూపాయి నాణేలను కాగితంలో చుట్టి, పెట్టెలో అడుగున కదలకుండా ఇరికించి మళ్ళీ నిలబెట్టండి. మునుపటికంటే నిబ్బరంగా నిలుస్తుంది. పెట్టెను తలకిందులు చేసి, నాణేలు పైకి వచ్చేటట్లు నిలబెట్టండి. కొంచెం ఒరిగితే చాలు, పడుతుంది.

దీనినుంచి ఏమి తెలిసింది? వస్తువు బరువంతా ఒక చోట చేరినట్లు మనం భావించే స్థానాన్ని గరిమనాభి అంటారు. గురుత్వ కేంద్రం అని కూడా అంటారు. ఆ స్థానంనుంచి ఒక గుండు కట్టిన దారం వేలాడదీశామనుకోండి. ఆ గుండు వస్తువు కాళ్ళ మధ్య చోటులో ఉన్నంతసేపు వస్తువు నిలుస్తుంది. ఆ చోటు దాటిందా, పడుతుంది. గరిమనాభి ఎంత కిందికి ఉంటే, కాళ్ళు ఎంత ఎడంగా ఉంటే, అంత మేలు.

పాప కుర్చీకి వచ్చిన కష్టమే అది. పాప కూర్చునేది పైన. పైగా పాప తల పెద్దది. అప్పుడే పుట్టిన శిశువు పొడవులో తల సుమారు నాలుగో వంతు. మీ నాన్నగారిలో అది సుమారు ఎనిమిదో వంతే. మన అగ్గిపెట్టెలో నాణేలు పైకి పెట్టినట్లే అయింది!

ఇప్పుడు కొంచెం లెక్క. పాపతో సహా కుర్చీ గరిమనాభి నేలకు 60 సెం.మీ. ఎత్తున ఉన్నదనుకుందాం. కాళ్ళ మధ్య ఎడం 50 సెం.మీ. అంటే మధ్యనుంచి అంచుకు 25 సెం.మీ. ఆ కుర్చీ సుమారు 23 డిగ్రీలు ఒరిగితే పడుతుంది. కాళ్ళను కిందికి పోనుపోను వాలుగా విడదీసి ఎడం 70 సెం.మీ. చేశామనుకోండి, అప్పుడు 30 డిగ్రీలు ఒరిగితే గాని పడదు. కోణమానినితో గీసి చూసుకోండి.

పాపలు చేసే అల్లరి ఇంకొకటి ఉంది. రెండు కాళ్ళూ బల్లకు తన్ని వెనక్కు తోస్తారు. పాప బరువు 10 కిలోలు, కుర్చీ 6 కిలోలు, మొత్తం 16 కిలోలు అనుకుందాం. తోపు నేలకు 70 సెం.మీ. ఎత్తున తగులుతున్నది. ఇక్కడ మీరు చదివిన మీట సూత్రమే పనిచేస్తుంది. 16ను 25తో హెచ్చించి 70తో భాగించండి. సుమారు 5.7 వస్తుంది. అంటే 5.7 కిలోల బరువుకు సమానమైన తోపుతో కుర్చీ ముందు కాళ్ళు లేస్తాయి. ఎడం 70 అయితే 16ను 35తో హెచ్చించి 70తో భాగించాలి. సరిగ్గా 8 వస్తుంది. కాళ్ళు నేల మీద జారకుండా ఉంటే ఈ లెక్క. చూశారా, బరువు ఒక్క గ్రాము పెంచకుండా, కాళ్ళను విడదీసినందువల్లనే కుర్చీకి ఎంత బలం వచ్చిందో!

మరి కాళ్ళు మూడా, నాలుగా? ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కిటకిటలాడదు. మూడు కాళ్ళూ ఎప్పుడూ నేలను తాకే ఉంటాయి. నాలుగు కాళ్ళలో ఒకటి తేలిపోవచ్చు. ఆ గొప్ప ముక్కాలిదే. కాని వృత్తలేఖినితో 4 సెం.మీ. వ్యాసార్ధం గల వృత్తం గీసి, అందులో సమబాహు త్రిభుజం, చదరం రెండూ గీయండి. మధ్యనుంచి త్రిభుజపు భుజానికి దూరం 2 సెం.మీ. మాత్రమే. చదరపు భుజానికి 2.8 సెం.మీ. ఉంటుంది. అంటే అంతే మేరలో కాళ్ళు పెట్టినప్పుడు ముక్కాలి కుర్చీ సులభంగా పక్కకు పడుతుంది. పాప అటూ ఇటూ వంగుతుంది గనుక నాలుగు కాళ్ళే మంచివి. కాళ్ళ కింద రబ్బరు తొడుగులు వేస్తే జారుడు తగ్గుతుంది.

రెండవ పరీక్ష: పట్టుకోవడం

కుర్చీ పడలేదు. పాప కుర్చీలోనుంచి పడితే?

పాప పడే దారులు రెండు. ఒకటి పైకి: నిలబడి, అంచు మీదుగా వంగి పడడం. రెండవది కిందికి: ముందున్న ట్రే కిందనుంచి జారిపోవడం. పైకి లేవకుండా పట్టీలు కావాలి. మంచి కుర్చీకి అయిదు కొసల పట్టీ ఉంటుంది. భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య ఒకటి.

రెండవ దారి ఎక్కువ ప్రమాదకరం. పాప నడుము, కాళ్ళు సన్నం, తల పెద్దది. కాళ్ళు దూరిన సందులో మొండెమూ దూరుతుంది, తల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మెడ ఇరుక్కుంటుంది. అందుకని తయారీలో ఒక నియమం పెట్టుకుంటారు. పాప చుట్టూ ఉన్న సందులలో మొండెం పట్టేంతది ఒక్కటి కూడా ఉండకూడదు. ఇందుకోసమే ఆసనం ముందు భాగంలో, కాళ్ళ మధ్య, ఒక నిలువు గడ పెడతారు. ఆ గడ ఉంటే పాప కాళ్ళు దానికి అటొకటి, ఇటొకటి పడతాయి. జారిపోవడం వీలుకాదు.

పట్టీ ఉన్నదిగా, గడ ఎందుకు అని అడుగుతారా? మంచి ప్రశ్న. పట్టీని ఎవరో ఒకరు గుర్తుంచుకుని బిగించాలి. పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడు మరిచిపోవచ్చు. గడను ఎవరూ గుర్తుంచుకోనక్కరలేదు. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఈ తేడాను బాగా మనసులో పెట్టుకోండి. నాలుగవ పరీక్షలో మళ్ళీ కావాలి.

ముందున్న ట్రే పళ్ళెం పెట్టుకోవడానికి మాత్రమే. అది పాపను ఆపే కటకటా కాదు. ట్రే ఉన్నదని పట్టీ మానకూడదు.

మూడవ పరీక్ష: వేలు, నోరు

పాపకు ప్రపంచాన్ని తెలిపే బడులు రెండు: వేళ్ళు, నోరు. ఏ రంధ్రం కనిపించినా వేలు పెట్టాలి. ఏ వస్తువు దొరికినా నోట్లో వేసుకోవాలి. తప్పు పాపది కాదు, ఆ వయసు చదువే అంత.

కాబట్టి కుర్చీలో వేలు దూరి తిరిగి రాని సందులు ఉండకూడదు. మడిచే కుర్చీ అయితే కత్తెరలాగా దగ్గరకు వచ్చే భాగాలు పాప చేతికి అందకూడదు. అంచులు గుండ్రంగా, నున్నగా ఉండాలి. ఊడివచ్చే మూతలు, బిళ్ళలు ఉండకూడదు.

ఎంత చిన్న వస్తువు ప్రమాదం? దీనికి అమెరికాలో ఒక కొలగొట్టం వాడతారు. దాని లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, లోతు ఒక వైపు 25.4, మరొక వైపు 57.1 మిల్లీమీటర్లు. ఆ గొట్టంలో పూర్తిగా పట్టే విడి వస్తువు మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అపాయం అని లెక్క. మీరు గట్టి కాగితంతో సుమారు 32 మి.మీ. వ్యాసం గల గొట్టం చుట్టి, నేల మీద పడి ఉన్న బోల్టులు, సీసా మూతలు, బొమ్మల ముక్కలు అందులో వేసి చూడండి. ఎన్ని పడతాయో చూసి మీ అమ్మగారే ఆశ్చర్యపోతారు. అయితే గొట్టంలో పట్టనిదల్లా మంచిదని కాదు. చిన్న బంతులు, పొడుగాటి వస్తువులు కూడా పాపకు ఇవ్వకూడదు.

నాలుగవ పరీక్ష: బిగింపు

ఇది అన్నిటికంటే కష్టమైన పరీక్ష. ఎందుచేతనంటే మొదటి మూడు పరీక్షలు పాసైన కుర్చీ కూడా తప్పుగా బిగిస్తే ప్రమాదకరమే.

బిగించడం సులువు అంటే ఏమిటి? తక్కువ బోల్టులు, తక్కువ పనిముట్లు, బొమ్మలతో ఉన్న కాగితం. చాలామంది ఇంతటితో ఆగిపోతారు. కాని అసలు సంగతి వేరు. సరిగా బిగించడం సులువుగా ఉంటే చాలదు, తప్పుగా బిగించడం అసాధ్యంగా ఉండాలి.

గోడకున్న మూడు పిన్నుల ప్లగ్గును తలుచుకోండి. పై పిన్ను మిగతా రెండింటికంటే లావు, పొడవు. తలకిందులుగా పెట్టబోతే దూరదు. దాన్ని సరిగా పెట్టమని ఎవరూ గోడమీద బోర్డు కట్టలేదు. ప్లగ్గు ఆకారమే ఆ పాఠం చెబుతుంది.

ఈ ఆలోచనను ఒక శాస్త్రంగా మలిచినవాడు జపాన్ దేశపు ఇంజనీరు షిగియో షింగో. 1961లో ఆయన ఒక కర్మాగారం చూడబోయాడు. అక్కడ మీటల కింద రెండు చిన్న స్ప్రింగులు పెట్టి స్విచ్చులు తయారు చేస్తున్నారు. పనివారు అప్పుడప్పుడు ఒక స్ప్రింగు పెట్టడం మరిచిపోతున్నారు. జాగ్రత్త, జాగ్రత్త అని పెద్దలు కేకలు వేసినా లాభం లేకపోయింది. షింగో కేకలు మాన్పించాడు. పని మొదలు పెట్టేముందు రెండు స్ప్రింగులనూ ఒక చిన్న పళ్ళెంలో పెట్టుకోమన్నాడు. పని అయ్యాక పళ్ళెంలో స్ప్రింగు మిగిలిందా, మరిచిపోయినట్లే. వెంటనే దిద్దుకోవచ్చు. అంతే, మరుపు వల్ల వచ్చే తప్పు బయటికి పోకుండా ఆగింది.

మొదట్లో ఈ పద్ధతిని జపాన్ భాషలో ‘బకా యోకే’ అనేవారు. అంటే తెలివితక్కువవాడి తప్పులను ఆపేది అని. ఒక కర్మాగారంలో ఈ పేరు విని ఒక పనిమనిషి, నేను అంత తెలివితక్కువదాన్నా అని కన్నీరు పెట్టుకున్నది. షింగో ఆ పేరు మార్చి ‘పొకా యోకే’ అన్నాడు. అంటే పొరపాటును ఆపేది. తప్పు మనిషిలో లేదు, వస్తువులో ఉన్నది అని ఆయన భావం. పిల్లలకు చదువు చెప్పేవారందరూ గుర్తుంచుకోవలసిన మాట ఇది.

ఇప్పుడు దీన్ని మన కుర్చీకి అన్వయించండి. పొడవు బోల్టు, పొట్టి బోల్టు ఒకే లావున ఉంటే ఒకదాని చోట ఒకటి బిగిస్తాం. కాబట్టి అన్నీ ఒకే పొడవున చెయ్యాలి. లేదా లావులో తేడా పెట్టాలి, అప్పుడు తప్పు రంధ్రంలో దూరదు. ఎడమ కాలు, కుడి కాలు అని రెండు రకాలుంటే తారుమారవుతాయి. నాలుగు కాళ్ళూ ఒకే తీరున చేస్తే ఏది ఎక్కడ పెట్టినా సరిపోతుంది. కొన్ని కుర్చీలలో గొట్టపు కాలిని రంధ్రంలోకి తొయ్యగానే స్ప్రింగు బొడిపె టక్కున బయటికి వస్తుంది. ఆ చప్పుడే సరిపోయిందని చెప్పే సాక్షి. చప్పుడు విన్నాక కాలును గట్టిగా లాగి చూడాలి. సగం బిగిసిన కాలు పూర్తిగా బిగిసినట్లు కనిపించడమే అన్నిటికంటే చెడ్డది. సగం బిగిస్తే కుర్చీ అసలు నిలబడకుండా కూలబడాలి. అప్పుడు అందులో ఎవరూ పాపను కూర్చోబెట్టరు!

మడిచి పెట్టే సామాన్ల విషయంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పే విషాద సంఘటన ఒకటి ఉంది. 1998లో అమెరికాలోని షికాగోలో డానీ కైసర్ అనే ఏడాది దాటిన పసివాడు మడత తొట్టిలో నిద్రపోతుండగా, తొట్టి పక్క కమ్మీలు మడత పడ్డాయి. వాడు మనకు దక్కలేదు. ఆ రకం తొట్టిని అయిదేళ్ళ ముందే, 1993లో, ప్రమాదకరమని వెనక్కు పిలిపించారు. కాని ఆ సంగతి దాన్ని వాడుతున్నవారికి తెలియదు. వాడి తల్లిదండ్రులు తమ దుఃఖం ఇంకెవరికీ రాకూడదని పదేళ్ళు పాటుపడ్డారు. 2008లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టంలో ఒక భాగానికి ఆ పసివాడి పేరు పెట్టారు. దాని ప్రకారం పసిపిల్లల సామాన్లకు నిర్బంధమైన పరీక్షలు వచ్చాయి. పాప కుర్చీలకు ఆ నిబంధనలు 2019లో అమలులోకి వచ్చాయి. ప్రతి వస్తువుతోనూ ఒక కార్డు ఇవ్వాలి. కొన్నవారు చిరునామా వ్రాసి పంపితే, తరువాత ఏదైనా లోపం బయటపడినప్పుడు వారికి కబురు చేరుతుంది.

పిల్లలూ, పరీక్షలో 99 కూడా తప్పినట్లే అని నేను ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? మిగిలిన ఆ ఒక్క మార్కు ఎవరో ఒకరి ఇంటి పాప.

అయిదవ పరీక్ష: ఎదగడం

చివరి పరీక్ష కొంచెం సంతోషమైనది. పాప పెరుగుతుంది. కుర్చీ పెరగదు. ఏడాది రెండేళ్ళకు కుర్చీ అటక ఎక్కుతుంది.

నార్వే దేశంలో పీటర్ ఓప్స్‌విక్ అనే నమూనాకారుడు ఉండేవాడు. ఆయన కొడుకు రెండేళ్ళవాడు పసికుర్చీలో పట్టడం లేదు. పెద్దల కుర్చీలో కూర్చోబెడితే కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి, చేతులు బల్లకు అందడం లేదు. ఎప్పుడూ కదులుతూ, దిగిపోతూ ఉండేవాడు. వాడు అల్లరివాడా? కాదు, కాళ్ళకు ఆధారం లేదు. మీరు కూడా గోడమీద కాళ్ళు వేలాడేసి కూర్చుని ఒక పేజీ వ్రాసి చూడండి, తెలుస్తుంది!

ఓప్స్‌విక్ రెండు ఏటవాలు కొయ్య కమ్ములను చేసి, వాటి లోపలి వైపున మెట్లు మెట్లుగా గాళ్ళు తీశాడు. కూర్చునే పలక ఒక గాడిలో, పాదాలు ఆనే పలక మరొక గాడిలో దూరతాయి. పిల్లవాడు ఎదిగినకొద్దీ పలకలను కిందికి దించి మళ్ళీ బిగిస్తారు. బల్ల ఎత్తు మారదు, పిల్లవాడి మోచేతులు ఎప్పుడూ బల్లకు సరిగా అందుతాయి, పాదాలు ఎప్పుడూ పలకకు ఆనుతాయి. 1972లో అమ్మకానికి వచ్చిన ఆ ‘ట్రిప్ ట్రాప్’ కుర్చీ దేశదేశాలకు పోయింది. పసివాళ్ళకు అదనంగా పట్టీ, అడ్డుకమ్మీ బిగిస్తారు. వాటిని తీసేస్తే పెద్దవాళ్ళు కూడా కూర్చోవచ్చు.

ఓప్స్‌విక్ చూసింది కుర్చీని కాదు, బల్ల దగ్గర కొడుకును. ఏ వస్తువు చేయాలన్నా అక్కడే మొదలు పెట్టాలి.

పెద్దలకు ఒక మాట

అమ్మలారా, అయ్యలారా! పాప తల నిలిపి, ఆధారంతో స్థిరంగా కూర్చోగలిగాకనే ఈ కుర్చీలో కూర్చోబెట్టండి. సాధారణంగా అది ఆరో నెల ప్రాంతం. ప్రతిసారీ పట్టీ బిగించండి, ‘ఒక్క ముద్దకే గదా’ అనుకోవద్దు. కుర్చీలో పాపను ఒంటరిగా వదలి పక్క గదిలోకి పోవద్దు. కాళ్ళతో తన్నడానికి గోడ గాని, లాగడానికి బల్లగుడ్డ గాని, కర్టెన్ తాడు గాని అందేటట్లు వెయ్యవద్దు. పాప కూర్చుని ఉండగా కుర్చీని ఎత్తి జరపవద్దు.

బిగించడం అయ్యాక ఒక బోల్టు మిగిలితే, అది కొట్టువాడు అదనంగా ఇచ్చాడని సంతోషించవద్దు. కాగితంలో ఉన్న లెక్కతో సరిచూడండి. లెక్క తేలకపోతే విప్పి మళ్ళీ మొదటినుంచి బిగించండి. బోల్టు పోతే ఆ చోట ఇనుపతీగ, పురికొస కట్టవద్దు. అదే కొలత బోల్టు తెప్పించండి. నెలకొకసారి అన్నిటినీ పట్టి చూడండి, కదలిక వల్ల మరలు వదులవుతాయి. కుర్చీని చుట్టాలకు ఇచ్చేటప్పుడు దానితో వచ్చిన కాగితాన్ని కూడా ఇవ్వండి.

ఇవేవీ కుదరకపోతే చింత లేదు. చాప పరిచి నేల మీద కూర్చోబెట్టండి. మొదటి పరీక్షలో నేలకు ఎప్పుడూ నూటికి నూరే!

ఈ నెల పని

1. గట్టి అట్టతో పాప కుర్చీ నమూనా చెయ్యండి. అసలు కొలతలో పదో వంతు చాలు. ఆసనం ఎత్తు 5 సెం.మీ., కాళ్ళ ఎడం ఒకసారి 5 సెం.మీ., ఇంకొకసారి 7 సెం.మీ. పాపకు బదులుగా ఒక నిమ్మకాయ కూర్చోబెట్టండి. ఒక పలక మీద నిలబెట్టి, జారకుండా కాళ్ళకు అడ్డంగా చిన్న పుల్ల అంటించి, పలకను నెమ్మదిగా ఎత్తండి. ఎన్ని డిగ్రీల దగ్గర పడిందో రెండుసార్లూ కొలిచి వ్రాసుకోండి. నమూనాలో నిమ్మకాయనే కూర్చోబెట్టండి, చెల్లాయిని కాదు! నిజమైన కుర్చీ పని పెద్దల పని.

2. పాప కుర్చీలో ఉండే భాగాలలో ఎవరో ఒకరు గుర్తుంచుకుని చెయ్యవలసినవి ఎన్ని, గుర్తుంచుకోనక్కరలేకుండా పనిచేసేవి ఎన్ని? రెండు వరుసలుగా వ్రాయండి. మొదటి వరుసలోనుంచి ఒకటి తీసి రెండవ వరుసలో పెట్టే ఉపాయం మీరే ఆలోచించండి.

3. మూడు పిన్నుల ప్లగ్గులాగా, తప్పుగా పెట్టడానికి వీలులేని వస్తువులు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో వెతకండి. అయిదు దొరికితే మంచిది. పది దొరికితే మీ కన్ను ఇంజనీరు కన్ను.